వడ్రంగానికి అర్హత పుట్టుకా, శిక్షణా?

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 17న 'పీఎం విశ్వకర్మ' పథకాన్ని ప్రారంభించింది. 13 వేల కోట్ల రూపాయల ఈ పథకంలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీమేస్త్రి, రజక, క్షురక సహా 18 వృత్తులున్నాయి. పూచీకత్తు లేకుండా, 5 శాతం వడ్డీకి, రెండు విడతల్లో 3 లక్షల రుణం; పనిముట్లకు 15 వేల రూపాయలు ఇస్తారు. వడ్డీ వ్యాపారి గుప్పిట్లో నలిగే చేతివృత్తిదారుకు ఇది ఊరటే. నా అభ్యంతరం శిక్షణ గురించి.

ఇందులో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు. ఆపై కోరినవారికి 15 రోజులు. ఐటీఐలో వడ్రంగం కోర్సుకు ఏడాది పడుతుంది. జర్మనీలో వడ్రంగి కావాలంటే జీతం తీసుకుంటూ మూడేళ్లు నేర్చుకోవాలి. వారం రోజుల్లో శిక్షణ ముగియాలంటే ఉలి, బాడిస, చిత్రిక పట్టడం తండ్రి దగ్గర ముందే నేర్చి ఉండాలి. మార్గదర్శకాలు 'కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తి' అనడంలోని అంతరార్థం అదే. కులం పేరెత్తకుండానే, పాఠశాల చేయాల్సిన పనిని కులానికి అప్పగించారు.

ఇది కొత్త ఆలోచన కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం బడి వేళలను మూడు గంటలకు కుదించి, మిగతా సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నది. 'కులవృత్తి విద్య'గా పేరుపడిన ఆ పథకం ద్రావిడ ఉద్యమ ప్రతిఘటనతో 1954లో రద్దయింది. ఆ అనుభవం ఉన్న తమిళనాడు 2024 నవంబర్‌లో విశ్వకర్మ పథకాన్ని ప్రస్తుత రూపంలో అమలు చేయబోమని ప్రకటించింది. కుటుంబ వృత్తి షరతు తొలగించాలని, కనీస వయసును 18 నుంచి 35కు పెంచాలని కోరింది. పద్దెనిమిదేళ్లు కాలేజీలో చేరే వయసు. ఆ వయసులో ఎర చూపవలసింది తండ్రి వృత్తిని కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చే జరగకపోవడం బీసీ రాజకీయాల బలహీనత.

తార్నాక నుంచి ఉస్మానియాలోకి నడిచే ప్రతి విద్యార్థీ 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని చూస్తాడు. నిజాం పేరు, వాస్తుశిల్పుల పేర్లు మనకు తెలుసు. ఆ రాళ్లు చెక్కిన చేతుల పేర్లు పాఠాల్లో లేవు. గోడను కాగితంపై గీసినవారికి పట్టా, నిలబెట్టినవారికి రోజుకూలి: నేటికీ విభజన ఇదే. కులమంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చారు. ఇదే క్యాంపస్‌లో రాజనీతిశాస్త్రం బోధించిన కంచ ఐలయ్య ఉత్పత్తి కులాల పనిలో విజ్ఞానం ఉందని దశాబ్దాలుగా వాదిస్తున్నారు. విజ్ఞానమైతే దానికి సిలబస్, పరీక్ష, పట్టా, పైచదువు ఉండాలి.

కాచిగూడ నుంచి శివార్ల దాకా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో వడ్రంగి పనికి ఉత్తరాది నుంచి వచ్చినవారు ఎందరో. పనికి గిరాకీ ఉన్నా, గౌరవమూ భద్రతా లేనందునే మన యువత అటు చూడటం లేదు. విశ్వబ్రాహ్మణ యువకుడు వడ్రంగం వదిలి ఇంజినీరు కాగలగాలి; ఏ కులం యువతి అయినా ఐటీఐలో వడ్రంగం నేర్చి గుత్తేదారు కాగలగాలి. ఈ రెండు దారులూ తెరుచుకోవాలి.

అందుకు కుటుంబ వృత్తి షరతు ఎత్తివేయాలి. వారం శిక్షణ స్థానంలో జీతంతో కూడిన ఏడాది శిక్షణ ఉండాలి. 1996 చట్టం కింద నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వసూలు చేసే సెస్సులో కొంత దీనికి కేటాయించాలి. ఐటీఐ పట్టాతో పాలిటెక్నిక్‌కూ, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికీ సాగే మార్గం విస్తరించాలి. వృత్తిని కాపాడటమంటే దానిని ఒక కులానికి కట్టేయడం కాదు, అందరికీ తెరవడం.