తెలిసీ చెప్పని పండితుడు

ఏళ్ళ తరబడి వాయిదా వేస్తూ వచ్చిన పని ఒకటి ఈమధ్యనే పూర్తిచేశాను. బ్రామ్ స్టోకర్ "డ్రాకులా" నవలని మొదటి పుట నుంచి చివరి పుట దాకా, ఒక్క వాక్యమైనా దాటవేయకుండా చదివాను. పుస్తకం మూసిన రాత్రి నిద్ర పట్టని మాట నిజమే కానీ, అది భయం వల్ల కాదు, కోపం వల్ల. 1897లో వెలువడిన నాటినుంచీ ఇన్ని తరాల పాఠకులు తలకెత్తుకున్న పుస్తకం మీద కోపం తెచ్చుకోవటానికి నేనెంతవాణ్ణి అని రెండు రోజులు మనసుకి సర్దిచెప్పుకున్నాను. సర్దుకోలేదు. అందుకే ఈ టపా. కథ చివరిదాకా చెప్పబోతున్నాను కనుక, నవలని స్వయంగా చదవదలచుకున్నవారు ఇక్కడే ఆగిపోవటం మంచిది.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. సినిమా డ్రాకులాని వెదుక్కుంటూ వెళ్ళి, పుస్తకంలో దొరకలేదని అలిగినవాణ్ణి కాను. ఎండ సోకితే రక్తపిశాచి నశిస్తుందన్నది 1922 నాటి జర్మన్ మూగచిత్రం "నోస్ఫెరాటు" పెట్టిన ముగింపు. నవలలో కౌంట్ డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగటిపూట అతని శక్తులకి కొన్ని హద్దులుంటాయి, అంతే. 1931 చిత్రంలో నున్నగా గీసిన ముఖంతో, విందుకి బయల్దేరినట్టుండే బేలా లుగోసి కూడా పుస్తకంలో లేడు. అక్కడ మనకి ఎదురయ్యేది పొడుగాటి తెల్లమీసాల ముసలివాడు, అరచేతుల్లో వెంట్రుకలు మొలిచినవాడు. ఈ తేడాలన్నీ నాకు సంతోషమే కలిగించాయి. నా ఫిర్యాదు వీటి గురించి కాదు.

మరోమాట కూడా ఒప్పుకుని తీరాలి. ఇరవై ఏడు అధ్యాయాల ఈ నవలలో మొదటి నాలుగూ నిజంగా గొప్పవి. జోనాథన్ హార్కర్ అనే యువ న్యాయవాది ఇంటి కొనుగోలు కాగితాలు పట్టుకుని ట్రాన్సిల్వేనియా కొండల్లోని కోటకి వెళతాడు. అంత కోటలోనూ నౌకరన్నవాడు కనబడడు. ఒకనాడు తన గదిలో పక్క సర్దుతున్నది సాక్షాత్తూ ఆ ఇంటి యజమానే అని కనిపెడతాడు. కాసేపటికి తలుపు సందులోంచి చూస్తే, భోజనాల బల్ల సిద్ధం చేస్తున్నదీ అతనే. అంటే ఈ కోటలో మనుషులమంటూ మేమిద్దరమే అన్నమాట, అని అతనికి తట్టిన క్షణంలో మనకీ తడుతుంది. కోరలూ గబ్బిలాలూ లేకుండా, ఒక దుప్పటి సర్దటంతో వెన్నులో చలి పుట్టించినవాడు సామాన్యుడైన రచయిత కాడు.

ఆ తర్వాత కథ ఇంగ్లండు చేరుతుంది. అక్కణ్ణించీ డ్రాకులా దాదాపు మాయమైపోతాడు. అందరి డైరీలూ మనం చదువుతాం, అతనిది తప్ప. మిగిలిన ఇరవై మూడు అధ్యాయాల్లో అతను నోరు విప్పే చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నవల నచ్చనివారు సాధారణంగా చేసే ఫిర్యాదు ఇదే. నేను మాత్రం దీన్ని దోషమనుకోను. కనబడని దానికి భయపడటమే అసలు భయం. డిమీటర్ ఓడ కథ చూడండి: నావికులు ఒక్కొక్కరే అదృశ్యమవుతుంటారు, చివరికి కెప్టెన్ తన చేతుల్ని చుక్కానికి కట్టేసుకుని శవమై విట్బీ రేవు చేరతాడు. అందులోనూ పిశాచం కనబడేది లిప్తపాటే. ఆ పుటలు చదువుతున్నప్పుడు చేతిలోని కాఫీ చల్లారిపోయింది.

మరి కోపం ఎక్కడ మొదలైంది? లూసీ దగ్గర.

లూసీ వెస్టెన్రాకి సెప్టెంబరులో ఇరవయ్యేళ్ళు నిండవలసి ఉంది. ఆ సెప్టెంబరులోనే, 20వ తేదీన చనిపోతుంది. ఆమె రోజురోజుకీ పాలిపోతుంటే డాక్టర్ సీవార్డ్ తన గురువు వాన్ హెల్సింగ్‌ని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పిలిపిస్తాడు. సెప్టెంబరు 7న, ఆమెకి మొదటిసారి రక్తం ఎక్కిస్తున్నప్పుడు, మెడకున్న పట్టీ జరిగి కింద ఉన్న గాటు బయటపడుతుంది. చూసిన గురువు ఊపిరి ఒక్కసారి లోపలికి పీలుస్తాడు. ఏమీ అనడు. ఆ క్షణం నుంచీ అతనికి అనుమానముంది. పాఠకుడికి అంతకు ముందే తెలుసు. తెలియనిదల్లా లూసీకి, లూసీ తల్లికి, రాత్రుళ్ళు కాపలా కాస్తున్న సీవార్డ్‌కి. దేని నుంచి కాపాడాలో తెలియని ఆ కాపలాదారు, రోగి కులాసాగా కనిపించిందని ఒక రాత్రి పక్కగదిలో నిద్రపోతాడు. తెల్లవారేసరికి లూసీ మళ్ళీ పాలిపోయి ఉంటుంది. మళ్ళీ రక్తం ఎక్కించాలి. నలుగురు మగవాళ్ళ రక్తం, నాలుగు సార్లు! (రక్తంలో గ్రూపులున్నాయని లాండ్‌స్టైనర్ కనిపెట్టింది ఆ తర్వాత, 1901 ప్రాంతంలో, ఆ విషయంలో స్టోకర్‌ని తప్పుపట్టటం అన్యాయం.)

అప్పుడు ప్రొఫెసరు వెల్లుల్లి పూలు తెప్పించి, గదినిండా పరిచి, దండగా కట్టి లూసీ మెడలో వేస్తాడు. అవి మందు అని మాత్రం ఆమెతో అంటాడు. ఆ రాత్రి తల్లి గదిలోకి వస్తుంది. ఈ ఘాటు వాసనకి పిల్లకి ఊపిరాడదేమోనని పూలు తీసేసి, గాలి కోసం కిటికీ తలుపు కాస్త తెరిచి వెళుతుంది. మర్నాడు ఆ సంగతి ఆవిడే సంతోషంగా చెబుతుంది. ఆవిడ అటు వెళ్ళగానే ప్రొఫెసరు కుప్పకూలి ఏడుస్తాడు. ఏం పాపం చేశామని మనకీ కష్టాలు, అని విధిని నిందిస్తాడు. నేను ఆ పుట దగ్గర పుస్తకం పక్కన పెట్టేశాను. అయ్యా, విధి ఏం చేసింది? మీరు చెప్పలేదు, అంతే కదా!

తల్లికి గుండెజబ్బు, పిశాచం మాట వింటే ప్రాణం పోతుంది, అందుకని చెప్పలేదు అంటారు నవలని సమర్థించేవారు. పిశాచం పేరెత్తమని ఎవరన్నారు? "అమ్మా, ఈ పూలు మందు, తెల్లారేదాకా తీయవద్దు" అని లూసీకి చెప్పిన అబద్ధమే తల్లికీ చెబితే సరిపోయేది. పథ్యం చెప్పకుండా మందిచ్చి వెళ్ళిపోయే వైద్యుణ్ణి మన పల్లెల్లో సైతం వైద్యుడనరు. నాలుగు రోజుల తర్వాత కిటికీ బద్దలుకొట్టుకుని తోడేలు తల దూర్చినప్పుడు ఆ తల్లి గుండె ఆగనే ఆగింది. ఆగుతూ ఆగుతూ, లూసీ మెడలోని పూలదండని పట్టుకుని తెంచేసింది. అదేమిటో, అదెందుకో అప్పటికీ ఆమెకి తెలియదు. లూసీ చనిపోయి, హాంప్‌స్టెడ్ ప్రాంతంలో చిన్నపిల్లల మెడలమీద గాట్లు కనబడ్డాక గాని, పండితులవారు శిష్యుడికి అసలు సంగతి చెప్పలేదు.

చందమామ చదివి పెరిగినవాణ్ణి. నాకు ఇక్కడ బేతాళుడు గుర్తుకొచ్చాడు. శవంలో దూరి విక్రమార్కుడి భుజమెక్కే ఆ పిశాచం కథ చెప్పి, ప్రశ్న వేసి, ఒక షరతు పెడుతుంది: జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. చిన్నప్పుడు అది ఆటలో నియమంలా అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే పెద్ద నీతి లేదనిపిస్తోంది. మౌనం వల్ల రాజుకి లాభముంది. మాట్లాడితే శ్రమంతా వృథా అయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అయినా, తెలిసినవాడు చెప్పి తీరాలి. ఈ పోలిక నేను బలవంతాన లాక్కొచ్చింది కూడా కాదు. బేతాళ కథల్ని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులోకి తెస్తూ, తన పుస్తకం పేరులో బేతాళుణ్ణి "వాంపైర్" అనే పిలిచాడు. బర్టన్‌ని స్టోకర్ ఎరుగును. 1906లో వెలువడిన తన జ్ఞాపకాల పుస్తకంలో బర్టన్ కోరపంటిని ప్రత్యేకంగా ప్రస్తావించాడు కూడా. స్టోకర్ ఆ కథలనుంచి ఏదో తీసుకున్నాడని నేననటం లేదు. తీసుకుని ఉంటే బాగుండేదంటున్నాను. ఎందుకంటే అతని నవలలో తెలిసీ చెప్పనివాడి తల పగలదు. తెలియనివాళ్ళ మెడలు తెగుతాయి.

సరే, ఒకసారి పొరపాటు జరిగింది, నేర్చుకున్నారు అనుకుందాం. నేర్చుకున్నారా? హార్కర్ భార్య మీనా వస్తుంది. ఈ నవలలో నాకు నచ్చిన మనిషి ఆమె. అందరి డైరీలు, ఉత్తరాలు, పత్రికల ముక్కలు, సీవార్డ్ ఫోనోగ్రాఫ్‌లో మాట్లాడి దాచుకున్న దినచర్య, అన్నిటినీ తేదీలవారీగా పేర్చి టైప్‌రైటర్ మీద కొట్టి, నకళ్ళు తీసి పెడుతుంది. తర్వాత డ్రాకులా మూలప్రతిని తగలబెట్టినా కథ మిగిలింది ఆ నకలు వల్లనే. ఆమె తెలివి మగవాళ్ళకి తీసిపోనిదని ప్రొఫెసరు మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకున్న నోటితోనే, ఇకమీదట ఈ వ్యవహారంలో ఆమెకి భాగం ఉండకూడదంటాడు. ఆడమనిషి, తట్టుకోలేదట! సెప్టెంబరు 30 రాత్రి మగవాళ్ళంతా డ్రాకులా ఇంటిమీదికి వెళతారు. మీనాని పక్కనే ఉన్న పిచ్చాసుపత్రిలో ఒంటరిగా పడుకోబెట్టి వెళతారు. అతను వస్తాడు.

అసలు దారుణం ఆ తర్వాత. మర్నాటి ఉదయం మీనా పాలిపోయి ఉంటుంది. మొద్దునిద్ర పోతుంది. లేపితే భర్తని ఎవరో అన్నట్టు భయంగా చూస్తుంది. లూసీ మంచం పక్కన కూర్చున్న ఇద్దరు వైద్యులు అదే కప్పు కింద ఉన్నారు. ఒక్కడికీ తట్టదు! పాపం, మన సంభాషణలు విని అలసిపోయింది అనుకుంటారు. చివరికి సంగతి బయటపెట్టింది ఎవరు? రెన్‌ఫీల్డ్ అనే పిచ్చివాడు, చావుబతుకుల్లో. ఆ తర్వాత మీనా దగ్గర ఇక దాపరికం వద్దని తీర్మానించుకుంటారు, నిజమే. కానీ మెడ మీద గాట్లు పడ్డాక కదా ఆ జ్ఞానం! చిట్టచివర, పారిపోతున్న శత్రువు ఏ నదిమీదుగా వెళుతున్నాడో కాగితం మీద తర్కించి తేల్చినది కూడా మీనాయే. పనికిరాదని గదిలో పెట్టిన మనిషే దారి చూపించింది.

"ఆ కాలం అలాంటిది, ఆ కాలపు కళ్ళతో చదవాలి" అనే వాదం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చదువుదాం. అదే కాలంలో, అదే డబ్లిన్ నగరంలో పుట్టిన షెరిడన్ లెఫాను "కార్మిల్లా" రాశాడు. 1872లో పుస్తకంలో చేరింది. అదీ రక్తపిశాచి కథే. అందులోనూ వైద్యుడు తండ్రిని పక్కకి పిలిచి గుసగుసలాడతాడు, రోగి అయిన లారాకి ఏమీ చెప్పరు. అయితే ఆ కథ చెబుతున్నది లారాయే. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిసి తనకి తెలియకపోవటం ఎలా ఉంటుందో ఆమె నోట వింటాం. ఆ దాపరికమే అక్కడ భయం. కథ ముగిసినా ఆమె భయం ముగియదు. స్టోకర్ నవలలో రహస్యం మనకి తెలుసు, పండితుడికి తెలుసు, చావవలసినవాళ్ళకి తెలియదు. అది భయం పుట్టించదు. పుటలు పెంచుతుంది, అంతే. కాలం ఒకటే. తేడా కాలానిది కాదు, చూపుది.

ఒక నవల మీద ఇంత కోపమా అంటారేమో. మా పెద్దమ్మకి జబ్బు చేసినప్పుడు వైద్యులు ఆమెని తప్ప ఇంట్లో అందర్నీ బయటికి పిలిచి చెప్పారు. మేమందరం కూడబలుక్కుని మూడు నెలలు నవ్వుముఖాలతో తిరిగాం. ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, "ఏమిట్రా, నాకేమయింది?" అని అడిగింది. "ఏం లేదు పెద్దమ్మా, నీరసం" అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఎవరితో ఏం చెప్పుకోవాలనుకుందో, ఏ పని ముగించుకోవాలనుకుందో, ఆ అవకాశం మేమే లాక్కున్నాం. ప్రేమతోనే లాక్కున్నాం. వాన్ హెల్సింగ్ కూడా ప్రేమతోనే దాచాడు. అందుకే అతని కన్నీళ్ళు చూస్తే జాలి కలగలేదు నాకు. అద్దంలో ముఖం చూసుకున్నట్టుంది.

ఇక ముగింపు. నవంబరు 6న, పొద్దుగుంకుతుండగా, ఒక కుక్రీ కత్తీ ఒక బోవీ కత్తీ కలిసి డ్రాకులాని క్షణంలో బూడిద చేస్తాయి. అన్ని వందల పుటల శత్రువుకి ఒక్క పేరాలో చావు! ఏడేళ్ళ తర్వాత మీనా కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ప్రొఫెసరు మురిసిపోతాడు. తల్లి ఎంత ధైర్యవంతురాలో, ఆమె కోసం మగవాళ్ళు ఎంత సాహసించారో ఈ పిల్లవాడికి ఒకనాటికి తెలుస్తుందంటాడు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ మగవాళ్ళు ఆమెకి ఏమీ చెప్పకుండా ఒంటరిగా వదిలి వెళ్ళిన రాత్రి సంగతి కూడా ఆ పిల్లవాడికి చెబుతారా? నవలని నెత్తిన పెట్టుకునే మిత్రులు జవాబివ్వాలి. తెలిసీ చెప్పకపోతే ఏమవుతుందో మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు.