లేని పేరు పెట్టకండి, ఉన్న పేర్లు అడగండి



పోయిన ఆదివారం మన హోసూరు సంఘం గదిలో కంప్యూటర్ క్లాసు అయిపోయాక గ్రూపులో జరిగిన వాదం మీలో చాలామంది చూసే ఉంటారు. నేను రెండు ముక్కలు రాసి ఊరకుండిపోయాను. ఊరకుండటం తప్పనిపించి ఇక్కడ పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవండి. చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

వాదం ఇది. మన కంప్యూటర్‌లోకి వచ్చిపోయే నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూసే ప్రోగ్రామును సీ భాషలో పిల్లలచేత రాయిస్తున్నాం. అందుకు లిబ్‌పీక్యాప్ అనే లైబ్రరీ వాడతాం. ప్యాకెట్లు పట్టే ముందు ఆ కంప్యూటర్‌లో ఏయే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసులు ఉన్నాయో జాబితా తీయడం నేర్పాలని నేనన్నాను. "ఆ లిస్టూ గిస్టూ ఎందుకప్పా, పనిచేసే లైను ఒకటి ఇచ్చేస్తే పిల్లకాయలు పట్టుకుపోతారు" అని కమిటీలో ఒక అన్న అన్నారు. చాలామంది బొటనవేలు చూపించారు. ఆ పనిచేసే లైను ఏమిటంటే, ఇంటర్‌ఫేస్ పేరు రావలసిన చోట నేరుగా "ఈటీహెచ్0" అని కొట్టేయడం. మనం పంచిన పీడీఎఫ్‌లో ఉన్నది అదే.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, అట్లా ఉంది మన పని.

దీని దెబ్బ ఎవరికి తగిలిందో చెప్తాను. డెంకణికోట వైపునుంచి బస్సెక్కి మన క్లాసుకు వచ్చే ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. మన గదిలోని పాత డెస్క్‌టాప్‌మీద ఆ ప్రోగ్రాము చక్కగా నడిపించింది. కాలేజీలో ప్రాజెక్టు చూపించే రోజున ల్యాబ్ కంప్యూటర్‌మీద నడిపితే, అలాంటి పరికరమే లేదని ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే ఆ పిల్ల జవాబు చెప్పలేకపోయింది. మనం చెప్పి ఉంటే కదా! "నాకు సీ రాదు మామా" అని నాతో అనేసి, ఆ తర్వాత క్లాసుకు రావడం మానేసింది. తర్వాత కనుక్కుంటే తేలింది ఇంతే: ఆ కంప్యూటర్‌లో కార్డు ఉంది, కేబుల్ ఉంది, నెట్ ఉంది. పేరు మాత్రం ఈటీహెచ్0 కాదు, ఈఎన్‌పీ3ఎస్0.

తప్పు ఆ పిల్లది కాదు, మనది.

ఈటీహెచ్0 అనే పేరు ఒకప్పుడు లినక్సులో మామూలుగా ఉండేదే. కర్నెల్ ఏ కార్డును ముందు గుర్తిస్తే దానికి 0, తర్వాతిదానికి 1. రెండు కార్డులున్న కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేస్తే ఆ వరస తారుమారయ్యే అవకాశం ఉండేది. అందుకని 2013లో వచ్చిన సిస్టమ్‌డీ 197తో, కార్డు ఏ బస్సులో ఏ స్లాటులో ఉందో దాన్నిబట్టి పేరు పెట్టే పద్ధతి మొదలైంది. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, డబ్ల్యూఎల్ అంటే వైర్‌లెస్. పీ పక్కనున్న అంకె బస్సుది, ఎస్ పక్కనున్నది స్లాటుది. మాక్‌లో ఇంటర్‌ఫేస్ ఈఎన్0 అంటుంది. విండోస్‌లో ఎన్‌పీక్యాప్ చూపించే పేరు బారెడు పొడుగుంటుంది, మనిషి చదివేది కాదు. ఇన్ని రకాలుంటే మన పీడీఎఫ్ ఒక్క పేరు పట్టుకుని కూర్చుంది.

మరి ఏం చేయాలి? కంప్యూటర్‌నే అడగాలి. పీక్యాప్_ఫైండ్ఆల్‌డెవ్స్ అనే ఫంక్షన్ ఉన్నది అందుకే. దానికి రెండు ఇవ్వాలి: జాబితా మొదలు ఎక్కడుందో రాసుకోవడానికి ఒక పాయింటర్ అడ్రసు, తప్పు జరిగితే సందేశం రాయడానికి ఒక బఫర్. బఫర్ సైజు పీక్యాప్_ఎర్‌బఫ్_సైజ్ అంత ఉండాలి. అది లింక్డ్ లిస్టు తెచ్చిస్తుంది. ఒక్కో అంగలో పేరు, వివరణ, అడ్రసుల జాబితా, ఫ్లాగులు, తర్వాతి అంగకు దారి. తర్వాతిది నల్ అయ్యేదాకా నడుచుకుంటూ పోవడమే. పని అయ్యాక పీక్యాప్_ఫ్రీఆల్‌డెవ్స్‌తో ఆ జ్ఞాపకాన్ని తిరిగి ఇచ్చేయాలి. మొత్తం ప్రోగ్రాము ముప్పై లైన్లు దాటదు.

ఆ ముప్పై లైన్లలో పిల్లలకు ఎంత చదువు ఉందో చూడండి. లింక్డ్ లిస్టు అనేది పరీక్షకోసం బట్టీ పట్టే బొమ్మ కాదని తెలుస్తుంది. వివరణ అనే గడి నల్ అయి ఉండొచ్చు. చూసుకోకుండా ప్రింట్‌ఎఫ్‌కు ఇవ్వకూడదని తెలుస్తుంది. అడ్రసు ఐపీవీ4దా, ఐపీవీ6దా, ఇంకోటా అని దాని కుటుంబం గడి చూసిన తర్వాతే విప్పాలని తెలుస్తుంది. ఫంక్షన్ 0 ఇచ్చినా జాబితా ఖాళీగా ఉండొచ్చని, తప్పు జరగకపోవడం వేరు, ఏదైనా దొరకడం వేరని తెలుస్తుంది. జాబితాలో ఎల్ఓ అనే లూప్‌బ్యాక్ ఉంటుంది, అది కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి. లినక్సులో "ఎనీ" అనేది కూడా కనబడుతుంది, అది కార్డు కాదు, అన్నింటినీ కలిపి వినే దారి. ఫ్లాగులు చూస్తే ఏది లూప్‌బ్యాక్, ఏది ప్రస్తుతం నడుస్తోంది, ఏది వైర్‌లెస్ అని చెప్పొచ్చు. ఇదంతా "లిస్టూ గిస్టూ"నా?

ఇంకో అన్న అన్నారు: "పీక్యాప్_లుకప్‌డెవ్ ఉంది కదా, అదే ఒక పేరు వెతికి ఇస్తుంది." నిజమే, ఉండేది. 2018లో వచ్చిన లిబ్‌పీక్యాప్ 1.9.0 నుంచి దాన్ని వాడొద్దని పక్కన పెట్టేశారు. డిఫాల్టు ఇంటర్‌ఫేస్ కావాలంటే పూర్తి జాబితా తీసి, ఖాళీ కాకపోతే మొదటిది వాడుకోమని దాని పత్రాలే చెప్తున్నాయి. నన్నడిగితే మొదటిదీ మనమే తీసుకోకూడదు. జాబితాకు అంకెలు వేసి చూపించి, వాడేవాళ్ళను ఎంచుకోనివ్వాలి. టీసీపీడంప్‌లో హైఫన్ డీ ఆప్షన్ అట్లాగే అంకెలు వేసి చూపిస్తుంది.

మూడో మాట: "ఏదీ పనిచేయకపోతే సుడో కొట్టండి." ఇది ఇంకా ప్రమాదం. ప్రోగ్రాముకు అనుమతి లేని ఇంటర్‌ఫేసులు జాబితాలో కనబడకపోవచ్చు, నిజమే. కానీ దానికి మొత్తం యంత్రం తాళంచెవుల గుత్తి ఇచ్చేయాలా? లినక్సులో సెట్‌క్యాప్‌తో క్యాప్_నెట్_రా అనే ఒక్క అనుమతి ఆ ఒక్క ప్రోగ్రాముకే ఇవ్వొచ్చు. మనది కాని నెట్‌వర్క్‌లో అనుమతి లేకుండా ప్యాకెట్లు పట్టకూడదని కూడా ఆ పూటే చెప్పాలి. 2000 నాటి ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు ఉన్నాయి. పిల్లలకు కత్తి ఇచ్చేటప్పుడు ఒర కూడా ఇవ్వాలి కదా.

అన్న మాటలో ఒక న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. మనకున్నది వారానికి రెండు గంటలు. పిల్లలకు తెరమీద ప్యాకెట్లు పరిగెత్తడం కనబడితే ఉత్సాహం వస్తుంది, మొదటి రోజే పాయింటర్లంటే ఆవలింతలు వస్తాయి. కానీ ఉత్సాహం కోసం ఇచ్చిన లైను మన గది గడప దాటి పనిచేయకపోతే, మిగిలేది ఉత్సాహం కాదు, అవమానం. డబ్బున్న ఇంటి పిల్ల అయితే ఇంకో కోర్సు కొనుక్కుంటుంది. మన పిల్లలు అట్లా కాదు, "మాకు రాదు" అనుకుని వెనక్కి తిరిగిపోతారు.

చివరగా ఒక మాట. మనల్ని అడగకుండానే మనకు పేరు పెట్టేస్తారని మన సంఘంలో ఎన్నిసార్లు బాధపడలేదు? ఇక్కడ కొందరు మనల్ని బయటివాళ్ళు అంటారు. పెళ్ళికని ఆంధ్రా పోతే అక్కడ "అరవోళ్ళొచ్చారు" అంటారు. మీరెవరు, మీ ఇంట్లో ఏం మాట్లాడతారు అని ఒక్కసారి అడిగితే చాలు కదా అని మనమే అంటాం. ఆ మాట తెలిసిన మనం, పిల్లలకు అడగకుండా పేరు పెట్టేయడం నేర్పుతున్నాం.

నేను అడిగేవి మూడు. ఆ పీడీఎఫ్‌ను ఈ వారమే గ్రూపులోనుంచి తీసేయండి. వచ్చే ఆదివారం మొదటి గంట జాబితా తీయడానికే ఇవ్వండి. నేను చెప్తాను, పిల్లలు తమ తమ ల్యాప్‌టాపులు తెచ్చుకోనీ, ఎవరి జాబితా ఎట్లా వస్తుందో పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడోది, కమిటీనుంచి ఎవరైనా ఒకరు నాతోపాటు డెంకణికోట రండి. ఆ అమ్మాయి ఇంటికి పోయి, "నీకు సీ వచ్చు తల్లీ, మేమే తప్పు పేరు ఇచ్చాం" అని చెప్పి వద్దాం.

మొదటి రెండూ కమిటీ కాదన్నా, మూడోదానికి మాత్రం శనివారం పొద్దున బస్టాండులో ఉంటాను. వచ్చేవాళ్ళు రండి.