రివర్సులో కుదిపితే గేర్‌బాక్సు పోయినట్టేనా?

ఆటోమేటిక్ కారు రివర్సులో వెయ్యగానే "దఢ్"మని కుదిపిందంటే చాలు, మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "గేర్‌బాక్సు పోయిందండీ". కారణం వెతక్కముందే తీర్పు! కంప్యూటర్ నెమ్మదిగా ఉందనగానే ఫార్మాట్ కొట్టేద్దాం అనేవాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం.

ఈ గోల నాకెందుకంటే, మా బావ పెదబయలులో టీచరు. ఆయన సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారుకి ఈ జబ్బే వచ్చింది. విశాఖలో ఒక వర్క్‌షాపువాళ్ళు గేర్‌బాక్సు దించాలన్నారు. ఖర్చు ఆయన రెండు నెలల జీతం. "ఏం చూసి చెప్పారు బావా?" అనడిగితే, "ఒకసారి రివర్సులో వేసి చూశార్రా" అన్నాడు. అంతే పరీక్ష!

మైదానంలో ఉండేవాళ్ళకి రివర్సంటే పార్కింగులో ఒక్క నిమిషం పని. ఏజెన్సీలో అలా కాదు. కొండదారి ఇరుగ్గా ఉన్నచోట ఎక్కే బండికి దారివ్వాలని 1989 నాటి రోడ్డు నియమాలూ చెప్పాయి, వాటి స్థానంలో 2017లో వచ్చినవీ చెబుతున్నాయి. అంటే పాడేరు ఘాట్ దిగుతున్నప్పుడు ఎదురుగా బస్సు వస్తే, ఒక్కోసారి మనమే వెనక్కి ఎక్కాల్సి వస్తుంది. అక్కడ రివర్సుని నమ్మలేకపోతే కారునే నమ్మలేం.

ముందు తేల్చుకోవాల్సింది, మీది ఏ రకం ఆటోమేటిక్ అన్నది. 2014లో సెలేరియోతో మనదేశంలో బాగా వ్యాపించిన ఏఎమ్‌టీ నిజానికి మామూలు గేర్‌బాక్సే, క్లచ్చి తొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. దాంట్లో కుదుపొస్తే ముందు క్లచ్చి అరుగుదల, ఆ యంత్రం సెట్టింగు చూడాలి. బావ కారు టార్క్ కన్వర్టర్ రకం. దీని కథ వేరు. ఈ రకానికి నేను చెప్పే వరస ఇదీ, పైసా ఖర్చు లేనివాటితో మొదలు.

ఒకటి, కుదుపు ఎక్కడొస్తోంది? వాలులో హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా P లో వదిలేస్తే కారు బరువంతా గేర్‌బాక్సులోని ఒక చిన్న ఇనప కొక్కెం మీద పడుతుంది. P లోంచి తియ్యగానే అది "టక్"మని విడుస్తుంది. అది జబ్బు కాదు, మన అలవాటు. బ్రేకు తొక్కి, N లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాలు తీసి కారుని దానిమీద నిలవనిచ్చి, మళ్ళీ బ్రేకు తొక్కి అప్పుడు P వెయ్యాలి. చదును నేల మీద N లోంచి R కి వేసినప్పుడు కుదుపు లేకపోతే కేసు ఇక్కడితో సరి.

రెండు, ఇంజను వేగం. చల్లటి ఉదయం స్టార్ట్ చెయ్యగానే ఇంజను వేగంగా తిరుగుతుంది. ముల్లు కిందికి దిగకముందే R వేస్తే కుదపక ఏం చేస్తుంది? కాసేపాగి వెయ్యండి. వేడెక్కాక కూడా ముల్లు దిగకపోతే జబ్బు ఇంజనుది.

మూడు, ఇంజను మౌంట్లు, అంటే ఇంజనుని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు గట్టిగా తొక్కి, N, R, N, D అని మారుస్తుంటే పక్కనుంచి ఇంకొకరు చూడాలి. కారు ముందూ వెనకా మాత్రం ఎవరూ ఉండకూడదు. ఇంజను ఎగిరిపడితే దొంగ దొరికినట్టే. రివర్సులో ఇంజను మీద పడే బలం ముందుకెళ్ళేటప్పటికి ఎదురు దిక్కులో ఉంటుంది. చాలా గేర్‌బాక్సుల్లో రివర్సుకి ఆయిలు ఒత్తిడీ ఎక్కువే. అందుకే చిరిగిన రబ్బరు ముందుగా రివర్సులోనే బయటపడుతుంది.

నాలుగు, ఆయిలు. మట్టం ఎంతుందో మాన్యువల్లో చెప్పిన పద్ధతిలోనే చూడాలి, అది బండిబండికీ మారుతుంది. చాలావరకు కొత్త ఆయిలు ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడువాసన వస్తే లోపల క్లచ్చి పలకలు కాలుతున్నట్టు.

ఐదు, ఆలస్యం. N నుంచి R కి మార్చాక పట్టు దొరకడానికి ఎంతసేపు? పాత టయోటా రిపేరు పుస్తకాల్లో దీనికి హద్దు 1.5 సెకన్లు. చాలాసేపు ఏమీ జరక్క, తర్వాత ఒక్కసారిగా గుద్దితే ఆయిలు తక్కువైనా అయ్యుండాలి, ఒత్తిడి అందకపోయినా అయ్యుండాలి.

ఆ తర్వాతే స్కానరు, వాల్వ్ బాడీ. గేర్‌బాక్సు దించడం అన్నిటికన్నా చివర.

బావ స్కూలు గ్రౌండులో ఇవన్నీ చేశాడు. చదునులోనూ కుదుపుంది, ఆయిలు శుభ్రంగా ఉంది, ఆలస్యం లేదు. బానెట్ ఎత్తితే ఇంజను గంగిరెద్దులా తలాడించింది! ఒక మౌంటు చిరిగింది. అది మార్పిస్తే పోయింది. ఖర్చు వాళ్ళు చెప్పినదాంట్లో పదోవంతు కూడా కాలేదు.

అలాగని ప్రతి కుదుపూ మౌంటేనని కాదు. మాడువాసన, జారుడు, ఆలస్యం మూడూ ఉంటే జబ్బు గేర్‌బాక్సుదే అనుకోండి. అప్పుడు ఘాట్ దిగే సాహసం చెయ్యకుండా బండిని లారీ ఎక్కించడమే మేలు.

నా గొడవల్లా ఒకటే. వర్క్‌షాపుకి దూరంగా ఉన్నవాడికే పరీక్ష లేని తీర్పు ఎక్కువ ఖరీదు. మళ్ళీ వెళ్ళి ఇంకొకర్ని అడగాలంటే ఒక రోజు సెలవూ, ఘాట్ దిగి ఎక్కే పెట్రోలూ. డాక్టరు ఆపరేషనంటే రిపోర్టులేవని అడుగుతాం కదా, గేర్‌బాక్సు దించాలన్నవాణ్ణి "ఏయే పరీక్షలు చేశారు, ఏం తేలింది?" అని అడగడానికి మొహమాటం దేనికి? డబ్బులు మనవేగా!