అవగాహన లేనిది ఎవరికి? (వాడ ఆరోగ్యం – 4)

మొన్న మా కాలేజీలో టీబీ అవగాహన సదస్సు. వచ్చిన అధికారి ఇలా సెలవిచ్చాడు: "వీళ్ళు ఆరు నెలల మందు రెండు నెలలకే మానేస్తారండీ. అవగాహన తక్కువ."

వీళ్ళెవరో పేరు పెట్టి చెప్పలేదు. నాకు మాత్రం మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ మిరపకోతల కూలి. మందు మొదలెట్టిన రెండు నెలలకు దగ్గు తగ్గింది. అప్పుడే కోతలొచ్చాయి. కూలికి ఆటో ఎక్కేది పొద్దున ఆరింటికి, ఊళ్ళో మాత్ర ఇచ్చేది పదింటికి. మాత్రకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. పోయినా చేతికివ్వరు, అరుగు మీద పెట్టి పక్కకు జరుగుతారు. టీబీ భయం అనుకుందామా? అదే జబ్బున్న పెద్దకులం ముసలాయనకు కుర్చీ వేసి మరీ ఇచ్చారు.

ఆమె మానేసింది. రిజిస్టరులో "డిఫాల్టర్" అని రాశారు. అప్పు ఎగ్గొట్టినోళ్ళని అనే మాట అది! రెండేళ్ళకు జబ్బు తిరగబెట్టింది. పెద్దమ్మ దక్కలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కానీ ఈ "అవగాహన" ఎక్కడిదో వెతికాను. 1950ల్లో అమెరికాలో ఉచితంగా టీబీ ఎక్స్‌రే తీస్తామన్నా చాలామంది రాలేదు. ఎందుకని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ లాంటి సామాజిక మనోవిజ్ఞానులు ఆరా తీశారు. అలా పుట్టిందే హెల్త్ బిలీఫ్ మోడల్. జబ్బు నాకొస్తుందా, వస్తే ఎంత ముప్పు, మందుతో ఎంత మేలు, దారిలో అడ్డాలేంటి? మనిషి ఈ నాలుగూ తూకం వేసుకుంటాడని అది చెబుతుంది. మన పోస్టర్లు మొదటి మూడింటి దగ్గరే ఆగిపోతాయి. నాలుగోది రాయాలంటే కూలి పేరెత్తాలి, కులం పేరెత్తాలి.

ఎదుటివాడి పరిస్థితి చూడకుండా వాడి బుద్ధినే తప్పుపట్టే అలవాటుకు 1977లో లీ రాస్ శాస్త్రీయంగా ఒక పేరు పెట్టాడు. మా వాడకు ఆ అలవాటు తరతరాలుగా తెలుసు.

"అగ్రకులాలూ టీబీని దాచుకుంటాయి కదా" అంటారు. నిజమే. దాచుకోడానికి వాళ్ళకో గది ఉంది, ప్రైవేటు డాక్టరున్నాడు. ఒక్క గది ఇంట్లో ఏం దాస్తాం?

పేదలు మందు వాడలేరనేది కూడా అబద్ధమే. ఇరుకిళ్ళలో ఉంటూ మందులు వాడినా శానిటోరియంలో వాడినంత ఫలితం ఉంటుందని 1959లోనే మద్రాసు పరిశోధన తేల్చింది. అక్కడ సిబ్బంది రోగుల ఇళ్ళకు వెళ్ళారు.

పోషణకిచ్చే డబ్బు 2018లో నెలకు 500, ఇప్పుడు 1000. ఇవ్వండి, కాదనం. దాంతోపాటు ఆటో కదలకముందే మందు వాడకు రావాలి. చేతిలో పెట్టాలి.

సదస్సు చివర్లో లేచి అడిగాను: "సార్, మీరు మా వాడలోకి చివరిసారి ఎప్పుడొచ్చారు?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

జై భీమ్.
(ఇంకా ఉంది)