జౌగడలో చెక్కని శాసనం

ఆర్కడీ మార్టీన్ బైజాంటిన్ చరిత్ర చదువుకున్న మనిషి. అందుకే ఆమె అంతరిక్ష నవలల్లో ఓడల హోరు కన్నా కొలువుల గుసగుసలే ఎక్కువ. 2019లో ‘ఎ మెమరీ కాల్డ్ ఎంపైర్’, 2021లో దాని రెండో భాగం ‘ఎ డెసొలేషన్ కాల్డ్ పీస్’ వచ్చాయి. రెండింటికీ హ్యూగో బహుమతి దక్కింది. మొదటిది చదవకుండా రెండోది పట్టుకుంటే పేర్ల దగ్గరే తల తిరుగుతుంది, ముందే చెబుతున్నాం.

టెయిక్స్‌కలాన్ మహాసామ్రాజ్యం అంచున ఒక చిన్న స్టేషన్. అక్కడి రాయబారి మహిత్‌కి ఆ సామ్రాజ్యమంటే భయం, దాని కవిత్వమంటే ప్రాణం. రెండో భాగంలో సరిహద్దున అంతుపట్టని జీవులతో యుద్ధం వస్తే, వాటితో మాట కలపడానికి ఆమెనే పిలుస్తారు. ఆ జీవుల కూతలు వింటేనే మనుషులకి కడుపులో దేవుతుంది. మాటలెందుకు, వాటి గ్రహాన్నే బుగ్గి చేద్దామనే వాళ్ళూ ఉన్నారు. అడ్డుపడేవాడు సింహాసనానికి పదకొండేళ్ల వారసుడు. ఆ కుర్రాడి అధ్యాయాలే పుస్తకానికి బలం. ప్రేమకథ మాత్రం కొంచెం సాగింది.

ఈ రెండో నవల పేరులోని వెటకారం రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌ది. తనవాళ్ళు నేలని బీడు చేసి దానికే శాంతి అని పేరు పెడతారని శత్రునాయకుడి నోట అనిపించాడు. మన వైపు వేరే తంతు నడిచింది. కళింగంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించారని, అందుకు కుమిలిపోయానని అశోకుడు 13వ శాసనంలో చెప్పుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అది ఉంది. ఇచ్ఛాపురం దాటాక గంజాం జిల్లాలో ఉన్న జౌగడ బండ మీద లేదు. అక్కడ 11, 12, 13 శాసనాలకి బదులు రెండు ప్రత్యేక శాసనాలు కనిపిస్తాయి: జనమంతా నా బిడ్డలు, సరిగ్గా చూసుకోండని అధికారులకి ఆజ్ఞలు. చావుల లెక్క ఊరూరా చాటి, చచ్చినవాళ్ల గడ్డ మీద మాత్రం దాచారు. జాలి కావచ్చు, తిరగబడతారన్న జంకూ కావచ్చు. మాకు రెండోదే నమ్మబుద్ధవుతోంది.

మన శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాసలకి దూరపు కొలువుల గీతలు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడితే పర్లాకిమిడి పట్నం అటు పోయింది, టెక్కలి మద్రాసులో మిగిలింది. భాషలు మాత్రం గీత దగ్గర ఆగలేదు. ఉద్దానంలో బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఒడియా ఇంటివాడు, జముకుల కథ కట్టింది తెలుగులో. మహిత్ మనసు పడింది ఏలేవాళ్ల భాష మీద, ఆయన పాడింది కూలి జనం భాషలో. శ్రీకాకుళం రైతాంగ పోరాటంలో ఉన్న ఆయన్ని 1969 డిసెంబరులో పోలీసులు చంపేశారు.

ఇలాంటి నేల మీద పెరిగినవాళ్ళు అంతరిక్ష సామ్రాజ్యాల కథ రాయకపోవడం మాకు లోటే. ఉద్దానం రచయితలారా, రాయండి. మొదటి భాగం లేకపోయినా పరవాలేదు, యుద్ధం ముగిసిన మర్నాటి నుంచి మొదలుపెట్టి పంపండి. అచ్చు వేస్తాం.