నాలుకకింది మాత్ర

డైనమైటు కనిపెట్టిన నోబెల్ మహాశయునికి గుండెజబ్బు చేస్తే, 1896లో వైద్యులు వ్రాసిన మందు నైట్రోగ్లిసరిన్. అంటే, డైనమైటులోని పేలుడు సరుకే! కొండలను పిండిచేసే ఆ సరుకే రవంత మోతాదులో రక్తనాళాలను సడలించి, గుండెకు శ్రమ తగ్గిస్తుంది.

డాక్టరు ఇచ్చిన ఆ మాత్ర మీ ఇంట్లో ఉంటే, నొప్పి రాగానే మనిషిని ముందు కూర్చోబెట్టండి. నిలబడి వేసుకుంటే రక్తపుపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. మాత్ర మింగరాదు, నాలుకకింద కరగాలి. పొట్లం కట్టి దాస్తే సత్తువ పోతుంది. వచ్చిన సీసాలోనే మూత బిగించి ఉంచాలి. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకుంటే "వాయువు లెండి" అని సోడా తెప్పించక, 108కి ఫోను చేయండి.

సీసా ఎక్కడుందో అమ్మ ఒక్కతెకే తెలిస్తే చాలదు. అమ్మ గుడికి వెళ్లినప్పుడే నాన్నగారికి నొప్పి రావచ్చు!