అపరాధ పరిశోధన – వర్ణనా శిక్షణ

అపరాధ పరిశోధక నవల విద్యార్థి చేతిలో కనిపించగానే కనుబొమలు ముడిచే ఉపాధ్యాయులు నేటికీ ఉన్నారు. తెనాలిలో 1926లో జన్మించిన కొమ్మూరి సాంబశివరావు సృష్టి యుగంధర్‌ను ఆంధ్రులు ఎంత ఆదరించినా ఈ చిన్నచూపు తొలగలేదు.

సాక్షుల మాటలను బట్టి నేరస్థుని ముఖం గీసే చిత్రకారుడే పరిశోధకుడైన నవలను తీసుకొందాం. "చంద్రబింబం వంటి ముఖం" అని సాక్షి చెబితే అతని చేయి కదలదు. ముక్కు వంపు, కనుబొమల నడిమి ఎడం, చెంపమీది మచ్చ చెప్పాలి. వర్ణనకు ఇంతకు మించిన పాఠమేది?

ఇట్టి నిశితదృష్టి గుంటూరు, ప్రకాశం పల్లెలకు కొత్త కాదు. రైతు మిరపకాయ రంగు చూచి తాలును ఏరివేస్తాడు. పత్తి పింజను వ్రేళ్ళతో సాగదీసి పొడవు చెబుతాడు. ఆ రైతుబిడ్డలే వ్యాసరచనలో అరువు ఉపమానాలు వల్లిస్తున్నారు. ఉపాధ్యాయుడు ఆ నవలను లాగివేయక, అందులో ఒక పుట చదివించి, చూచిన మనిషిని అట్లే వర్ణింపుమని అడగడం మేలు.